గట్టు మీద మూడు కాళ్ళ స్టాండు

ప్రకృతి దృశ్యం గీయమని తెల్లకాగితం చేతికిస్తే చాలు, మా బళ్ళో పిల్లలందరూ ఒకటే బొమ్మ గీసేవాళ్ళు. రెండు ముక్కోణపు కొండలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే సూర్యుడు, వంకర్లు తిరుగుతూ ఒక ఏరు, ఏటి ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. తరగతి కిటికీలోంచి చూస్తే కనుచూపుమేర పత్తి, మిరప తప్ప ఇంకేమీ ఉండదు. కొండా లేదు, ఏరూ లేదు. "ఒరేయ్, ఇది ఎక్కడ చూశావురా?" అని అడిగితే, "సీనరీ అంటే ఇదే టీచర్" అని నాకే పాఠం చెప్పేవాళ్ళు. డ్రాయింగ్ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఆ రెండు కొండలతో యుద్ధం చేశాను. గెలిచింది కొండలే.

నిజానికి కొండ మీద బెంగ ఉండాల్సింది నాకు. నేను పుట్టింది కనిగిరిలో. గుమ్మం దాటితే కోట ఉన్న కొండ ఎదురుగా ఉండేది. పెళ్ళయి ఈ నల్లరేగడి ఊరికి వచ్చిన కొత్తల్లో చూపు ఆనడానికి ఏమీ లేక ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. ఈ చదునునేలను చూడటం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నల్లరేగడి నల్లగా ఉండదు. పొద్దున మంచులో వంకాయ రంగులో ఉంటుంది, ఎండెక్కితే బూడిద రంగుకు తిరుగుతుంది, వాన పడితేనే నలుపు. పండిన మిరప చేను కూడా దూరానికి ఎర్రగా కనపడదు. కాయలన్నీ ఆకుల చాటున ఉంటాయి, వంగి చూస్తేనే ఎరుపు. ఈ సంగతులు ఎవరికైనా చెప్పబోతే, "ఇక్కడేముందండీ గీయడానికి, అరకు వెళ్ళండి" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకని రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసి వేయడం మానేశాను. పొలం వెళ్ళి, ఎదురుగా ఏముంటే అది, ఎక్కడుంటే అక్కడ వేయాలని పట్టుబట్టాను. కరెంటు స్తంభం అడ్డొస్తే స్తంభాన్నీ వేయాల్సిందే. బొమ్మ అందం కోసం చెట్టును అటూ ఇటూ జరపకూడదు. మా ఊరి వడ్రంగి చేత మూడు కాళ్ళ స్టాండు చేయించుకున్నాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో, దానికి పసుపు రంగు వేసి ఇచ్చాడు. స్తంభాలు నిట్టనిలువుగా వస్తున్నాయో లేదో సరిచూసుకోవడానికి స్టాండుకు దారం కట్టి ఇనప గుండు వేలాడదీశాను. నెత్తిన టోపీ. ఒక కన్ను మూసి, చేయి బారజాపి, పెన్సిలు నిలబెట్టి చెట్టు ఎత్తు ఎంత, గట్టు పొడవు ఎంత అని కొలుచుకుంటాను. బొమ్మలు వేసేవాళ్ళందరూ చేసే పనే. దూరం నుంచి చూసేవాళ్ళకు ఇదంతా ఎలా కనిపిస్తుందో నాకు తట్టలేదు.

ఊరికి పడమర వైపు, చీమకుర్తి నుంచి రాళ్ళ లారీలు వెళ్ళే రోడ్డు దాటి కొంచెం లోపలికి వెళితే, రెండు చేల మధ్య ఒక పొడవాటి గట్టు ఉంది. ఎడమవైపు పత్తి, కుడివైపు మిరప. పత్తిచేలో గట్టుకు దగ్గరగా సున్నం వేసిన చిన్న సమాధి, దాని మీద తులసి కోట. మా వైపు పెద్ద రైతు ఎవరైనా పోతే సొంత చేలోనే ఇలా సమాధి కట్టడం మామూలే. విచ్చిన పత్తి తెలుపు, ఆ సున్నపు తెలుపు పక్కపక్కనే ఉన్నా రెండూ వేరు. ఆ తేడా పట్టుకోవాలని పంతం పట్టి, ఆ శీతాకాలమంతా అక్కడే స్టాండు వేశాను.

వెళ్ళిన కొన్నాళ్ళకే పత్తిచేలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నడుం వంగలేదు. కాసేపు నన్ను చూసింది, స్టాండును చూసింది, వేలాడే గుండును చూసింది. వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"ఎండన నిలబడ్డారు. తాగండి మేడంగారూ."

మర్నాడు గోంగూర పచ్చడి కలిపిన అన్నం. ఆ మర్నాడు పెసరట్లు. వద్దంటే వినేది కాదు. నేను తింటుంటే పక్కన గట్టు మీద కూర్చుని బొమ్మ వంక తదేకంగా చూసేది. ఇన్నేళ్ళలో నా బొమ్మను అంతసేపు చూసినవాళ్ళు లేరు. మా ఆయనైతే టీవీలో క్రికెట్ ఆగినప్పుడు ఒక చూపు చూసి "బాగుంది" అంటాడు.

ఒకరోజు ఆవిడ బొమ్మ మీద వేలు చూపించింది.

"ఈ గీత ఏందమ్మా?"

"ఈ గట్టే పెద్దమ్మా."

"దీన్ని కాస్త అటేపు జరపరాదూ?"

నిజంగానే గట్టు బొమ్మకు నట్టనడుమ పడి, కాగితాన్ని రెండు ముక్కలు చేసినట్టుంది. అది నాకూ రెండు రోజులుగా నచ్చడం లేదు. బడి ముఖం చూడని మనిషి ఇంత సూక్ష్మం కనిపెట్టిందే అని పొంగిపోయాను.

"ఉన్నదాన్ని జరపకూడదు పెద్దమ్మా. ఎక్కడుంటే అక్కడే వేయాలి" అన్నాను గంభీరంగా.

ఆవిడ మొహం చిన్నబోయింది. "పోనీ మా ఆయన సమాధిని కొంచెం పెద్దగా గీయండి. అక్కడ మనిషి ఉన్నాడని పైవాళ్ళకి తెలవాలిగా" అంది.

పైవాళ్ళెవరో నాకు అర్థం కాలేదు. దేవుళ్ళేమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కళంటే ఏమిటో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒకావిడ ఉందని మా ఆయన చెవులు ఊదరగొట్టాను.

విషయం బయటపడింది సంక్రాంతి దాటాక. బొబ్బట్లు ఆకులో పెట్టి ఇస్తూ అడిగింది. "మేడంగారూ, రోడ్డు ఎంత వెడల్పు పడుద్ది?"

"ఏ రోడ్డు?"

"అదే, మీరు కొలుస్తన్నారుగా."

అప్పుడు తెలిసింది. మా వైపు పొలాల మీదుగా కొత్త రోడ్డు పడబోతోందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. పక్క మండలంలో సర్వేవాళ్ళు మూడు కాళ్ళ స్టాండులతో వచ్చి రాళ్ళు పాతారు. ఆ రాళ్ళకు ఇవతల ఉన్నవాడు బతికిపోయాడు, నడుమ ఉన్నవాడి చేను పోయింది. పసుపు స్టాండు, గుండు, టోపీ, ఒక కన్ను మూసి చేయి చాపి చూసే చూపు. సర్వే ఆవిడ అనుకోక ఇంకేమనుకుంటుంది? నేను తిన్న పెసరట్లన్నీ గీత పక్కకు జరపమని పెట్టినవన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలోని బొబ్బట్టును మళ్ళీ ఆకులో పెట్టేశాను.

"నేను సర్వే మనిషిని కాదు పెద్దమ్మా. బళ్ళో డ్రాయింగు చెప్పేదాన్ని. ఇవి ఉత్త బొమ్మలు" అన్నాను.

"చెప్పకూడదులే, నాకు తెలుసు" అని కన్ను గీటింది.

ఎంత కాదన్నా అంత గట్టిగా నమ్మింది. విసుగొచ్చి ఆవిణ్ణి స్కూటీ మీద ఎక్కించుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. హాల్లో గోడ నిండా నేను వేసిన చేలు, గట్లు, పొగాకు ఆరబెట్టే బేరన్ కొట్లు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి బుగ్గన చేయి వేసుకుంది.

"అమ్మో! ఇన్ని ఊళ్ళు కొలిచావా తల్లీ!"

మా ఆయన నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కాగితం ముందు పెట్టి, బ్రష్షు తడిపి, ఆవిడ కళ్ళెదుటే మా దొడ్లో జామచెట్టును వేసి చూపించాను. చెట్టు పూర్తయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది. "అయితే ఉత్త బొమ్మలేనా" అంది మెల్లగా. నమ్మినందుకు నేను సంతోషించేలోపే ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అడగడానికి మనిషి దొరికిందన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ నిద్రపోయిందట. ఇప్పుడు ఆ ధైర్యం కూడా పోయింది.

ఆరోజు మా వంటింట్లో కూర్చుని మొత్తం చెప్పింది. గట్టుకు అవతలి మిరపచేను ఆవిడ మరిదిది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి ఆ మరిది పలక పట్టుకు తిరిగే పిల్లాడు. అత్త లేని ఇల్లు, ఆవిడే తల దువ్వి, అన్నం పెట్టి పెంచింది. పంపకాలయ్యాక అన్నదమ్ములిద్దరి మధ్యా ఈ గట్టు తగాదా పెట్టింది. దుక్కి దున్నినప్పుడల్లా గట్టును నా వైపు తోశావంటే నా వైపు తోశావని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. మాటలు మానేశారు. అన్నకు జబ్బు చేసి మంచం పట్టినా తమ్ముడు గుమ్మం తొక్కలేదు. పోయిన రోజు మాత్రం వచ్చి పాడె మోశాడు. మోసి, స్నానం చేసి, ఇంట్లోకి రాకుండా అటే వెళ్ళిపోయాడు.

"ఆఖరికి గుమ్మం వంకే చూసుకుంటా పోయాడమ్మా ఆయన. వాడొస్తాడని" అంది. "ఆయనకి ఈ భూమ్మీద మిగిలింది ఆ కాసింత చోటే. దాన్నీ కదిలిస్తే ఆ గోడు నేను ఎవరికి చెప్పుకోను?"

ఏమీ చేయలేనని తెలిసినా, చూద్దాంలే పెద్దమ్మా అన్నాను. ఆరోజు నుంచి ఆవిడ నన్ను మేడంగారూ అనడం మానేసి పంతులమ్మా అని పిలిచింది. మజ్జిగ మాత్రం మానలేదు.

మిరప కోతలు మొదలయ్యాక నిజం సర్వేవాళ్ళు వచ్చారు. వాళ్ళ స్టాండు కూడా పసుపు రంగులోనే ఉంది. వడ్రంగి ఏం చూసి నాకా రంగు వేశాడో అప్పుడు తెలిసింది. పెద్దమ్మ నా చేయి పట్టుకుని గట్టు మీద నిలబడింది. పొద్దున్నుంచి వాళ్ళు అటు నుంచి ఇటు కొలుచుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి రాళ్ళు పాతడం అయిపోయింది. గీత గట్టుకు అవతలే ఆగిపోయింది. సమాధి మిగిలింది. పోయింది మరిది చేను, అందులో బోరు, బోరు పక్కన కాయలు ఆరబోయడానికి ఆయన కొత్తగా వేసుకున్న కల్లం.

పెద్దమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ. తర్వాత తలెత్తి అవతలికి చూసింది. కోత కూలీలు పని ఆపి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో ఒక తెల్లతల మనిషి, రాయి పాతిన చోటునే చూస్తూ ఉన్నాడు. పెద్దమ్మ ఏడుపు ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఊళ్ళో మాత్రం ఒకటే మాట. టీచరమ్మ గీత జరిపించిందట, పెసరట్లు పనిచేశాయట. పాలు పోసే అతను కూడా, "మా పెదనాన్న చేనుంది టీచర్, కాస్త చూడండి" అన్నాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మరిది చెవిన ఈ మాట పడకుండా ఉంటుందా అని భయం వేసింది. ఆయన కోపిష్టి అని విన్నాను.

భయపడ్డట్టే ఒక సాయంత్రం ఆయన మా గేటు తీసుకుని వచ్చాడు. లుంగీ మీద మిరప దుమ్ము. ఆయన వరండాలో అడుగుపెట్టగానే నాకు తుమ్ములు. నేను గబగబా మొదలుపెట్టాను. "చూడండి, ఆ రోడ్డుకీ నాకూ ఏ సంబంధమూ లేదు. నేను బొమ్మలు..."

"తెలుసండీ" అన్నాడాయన. "మా మనవరాలు మీ దగ్గర చదివింది. మీరు బొమ్మలేసుకుంటారని నాకు తెలీదా."

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ వల్ల ఒక పని కావాలండీ. మా వదినకి ఒక మాట చెప్పాలి."

"ఏమని?"

"సర్వేవాళ్ళు రాకముందే నేను మీ దగ్గరకొచ్చాననీ, గీత నా చేలోకి జరిపించమని నేనే అడిగాననీ."

"అదెందుకు?" అన్నాను.

"ఎటూ పోయింది గదండీ ఆ నేల. డబ్బులొస్తాయి, ఇంకోచోట కొనుక్కుంటా. అదేం కాదు." ఆయన గొంతు తగ్గింది. "మా అన్న బతికుండగా మూరెడు గట్టు నేను వదల్లేదు. ఆయనా వదల్లేదు. ఇప్పుడు మొత్తం పోయింది. రోడ్డోళ్ళు లాక్కున్నారంటే అదొక మాట. మా అన్న కోసం నేను ఇచ్చానంటే... వదిన అట్టా అనుకుంటే చాలండీ."

నాకు కళ్ళు నిండాయి. "మీరే వెళ్ళి చెప్పకూడదా?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా" అన్నాడు. అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను. చెట్టును వీసమెత్తు జరపని నేను, జరగనిది జరిగిందని ఎలా చెప్పను అని. "నువ్వు వేసేది బొమ్మ. ఆయన అడిగింది బొమ్మ కాదుగా" అన్నాడాయన. టీవీ చూడకుండా అన్న మాట కాబట్టి విన్నాను.

పొద్దున్నే వెళ్ళాను. పెద్దమ్మ సమాధి చుట్టూ కలుపు తీస్తోంది. గట్టుకు అవతల, పాతిన రాళ్ళకు ఇంకా అవతల, మరిది తన బోరు దగ్గర పైపులు చుడుతూ కనిపించాడు. మా వైపు చూడటం లేదు.

"పెద్దమ్మా, మీ మరిదిగారు మా ఇంటికొచ్చారు. సర్వేకి ముందు. గీత తన చేలోకి జరిపించమని అడిగారు. అన్నగారి కోసం" అని గుక్క తిప్పుకోకుండా అనేశాను.

ఆవిడ చేయి ఆగింది. "వాడు అడిగాడా?"

"అడిగారు."

"ఉత్త బొమ్మలేసే నిన్ను అడిగాడా?"

ఈ చిక్కు నాకూ, ఆయనకూ ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఎప్పుడూ నా కళ్ళలోకి చూసి మాట్టాడతావుగా. ఇయ్యాల గడ్డిపరకలు చూస్తన్నావేంది పంతులమ్మా?"

నేను ఆ గడ్డిలో ఒక పరక పీకాను.

"వాడే చెప్పమన్నాడా ఇట్టా?"

తల ఊపాను.

పెద్దమ్మ చేతిలో కలుపు పక్కన పెట్టింది. సమాధి అంచున కూర్చుని, తులసి కోట మీద చేయి వేసింది. నా అబద్ధం అంతా పాడుచేసిందనుకున్నాను. ఆ పెద్దాయన నమ్మి అప్పగించిన ఒక్క పనిని చెడగొట్టానని నన్ను నేను తిట్టుకున్నాను.

"చెప్పమన్నాడంటే చాలులే" అంది ఆవిడ.

కొంగు బిగించుకుని లేచింది. గట్టెక్కి, నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని, ఆ వయసులో అంత గొంతు ఉందా అనిపించేట్టు కేకేసింది.

"ఒరేయ్! ఎండెక్కుతుంటే అక్కడేం చేస్తన్నావురా? ఇటు రా! మీ అన్న దగ్గరకి రా!"

ఆయన చేతిలోని పైపు జారిపోయింది. రాళ్ళు దాటి, కాయలు కోసేసిన మిరప మొక్కల మధ్య నుంచి, చిన్నపిల్లాడిలా తడబడుతూ వచ్చాడు. చెప్పులు గట్టుకు అవతలే విడిచి, ఇవతలికి దిగాడు.